పొగ లేదు, పోటు ఉంది



కొన్నేళ్ల కిందటి మాట. ఒక పెద్దావిడ మా ఆస్పత్రికి వచ్చింది. అరవై దాటిన మనిషి. నాట్లకూ మిరప కోతలకూ వెళ్లి ముగ్గురు పిల్లల్ని ఒక దరికి చేర్చిన తల్లి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందని కోడల్ని వెంటబెట్టుకొచ్చింది. బీపీ చూస్తే పై అంకె 170, కింది అంకె 100. అప్పటికి మూడు నెలలుగా నేను రాసిచ్చిన మాత్రలు వేసుకుంటోంది. కూరలో ఉప్పు తగ్గించింది. ఆవకాయ జాడీ జోలికి వెళ్లడం మానేసింది. అయినా పోటు దిగడం లేదు.

"అమ్మా, చుట్ట తాగే అలవాటేమైనా ఉందా?" అని అడిగాను.

"అయ్యో, అదేం మాటండీ డాక్టరుగారూ! మా ఇంటా వంటా లేదు" అంది.

మాట్లాడుతుంటే ఒక బుగ్గ కొంచెం ఉబ్బెత్తుగా కనిపించింది. "మరి నోట్లో ఏమన్నా పెట్టుకుంటావా?" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు అందుకుంది: "పొగాకు కాడ పెట్టుకుంటుందండీ. లేచింది మొదలు పడుకునేదాకా బుగ్గన అది ఉండాల్సిందే."

పెద్దావిడకు కాస్త కోపం వచ్చింది. "అది పొగ తాగడం కాదు కదండీ!" అంది.

ఆమె నాతో అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నకు సరైన జవాబే చెప్పింది. అడగాల్సిన ప్రశ్న అడగనిది నేను. మూడు నెలల పాటు ఆమె వంటింట్లో ఉప్పు గురించి వాకబు చేశాను గానీ, బుగ్గలో ఏముందో కనుక్కోలేదు. ఈ రోజు మీతో మాట్లాడాలనుకుంటున్నది ఆ అడగని ప్రశ్న గురించే.

శ్రోతలారా, మన భాషలో ఆ ఆకుకు పెట్టిన పేరులోనే పొగ ఉంది. పొగ, ఆకు కలిస్తే పొగాకు. అందుకే కాబోలు, ప్రమాదమంతా పొగలోనే ఉందని, ఆకులో ఏమీ లేదని మనకు ఒక నమ్మకం ఏర్పడిపోయింది. నిప్పు పెట్టకపోతే, పొగ రాకపోతే, పక్కవాడికి వాసన తగలకపోతే అది చెడ్డ అలవాటు కాదనుకుంటాం. ఇంట్లో మగవాడు సిగరెట్ కాలిస్తే గొడవ పడే ఇల్లాలే, అత్తగారి కాడ పొగాకుకు సున్నం తెచ్చి ఇస్తుంది. కాల్చేవాణ్ణి బస్సులోంచి దింపేస్తాం, నమిలేవాడికి కిటికీ పక్కన చోటిస్తాం.

ఈ అలవాటుకు మన నేల మీద ఎన్ని రూపాలో! కాడను చుట్టి బుగ్గన పెట్టుకునేవాళ్లున్నారు. అరచేతిలో ఆకుముక్కలు వేసి, సున్నం రాసి, బొటనవేలితో నలిపి పెదవి కింద ఖైనీ దాచుకునేవాళ్లున్నారు. తెలంగాణలో దీన్నే తంబాకు అంటారు. జర్దా వేసిన కారా కిళ్లీ ఉంది. గుట్కా పొట్లం ఉంది. ముక్కుపొడి కొందరు పీలుస్తారు, కొందరు ఆడవాళ్లు దాన్నే పంటి చిగుళ్లకు రుద్దుకుంటారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊళ్లలో పళ్లు తోముకునే గుడాకు ఉంది. పేర్లు వేరు, పొట్లాలు వేరు, వాసనలు వేరు. లోపల ఉన్న సరుకు ఒక్కటే. దాని పేరు నికోటిన్.

ఎంతమంది వాడుతున్నారు? 2016-17లో మన దేశంలో పొగాకు వాడకంపై ఒక పెద్ద సర్వే జరిగింది. 15 ఏళ్లు దాటిన వారిలో పొగ తాగేవారు నూటికి 10.7 మంది. పొగ లేని పొగాకు వాడేవారు నూటికి 21.4 మంది. అంటే దాదాపు 20 కోట్ల జనం. తాగేవారికి రెట్టింపు మంది నములుతున్నారు. ఆడవాళ్ల లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. నూరు మంది ఆడవాళ్లలో పొగ తాగేవారు ఇద్దరు. బుగ్గన పెట్టుకునేవారు 13 మంది. మన రెండు తెలుగు రాష్ట్రాలు దేశ సగటు కంటే కింద ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 7 శాతం, తెలంగాణలో సుమారు 10 శాతం. తక్కువే కదా అని సంతోషించకండి. పది మందిలో ఒకరంటే ప్రతి వీధిలోనూ ఉన్నట్టే.

ఇంకో పక్క రక్తపోటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి 21 మందికి, మగవాళ్లలో నూటికి 24 మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మాత్రలు వాడుతున్నారు. ఈ రెండు గుంపులూ వేర్వేరు ఊళ్లలో లేవు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఒకే మనిషిలో రెండూ ఉంటున్నాయి. మనమే రెండింటినీ కలిపి చూడడం లేదు. మే 17న ప్రపంచ రక్తపోటు దినం జరుపుకుంటాం. రెండు వారాలు గడిచాక మే 31న పొగాకు వ్యతిరేక దినం జరుపుకుంటాం. మొదటి రోజు ఉప్పు గురించి మాట్లాడతాం, రెండో రోజు క్యాన్సర్ గురించి మాట్లాడతాం. బుగ్గలోని ఆకుకూ గుండెలోని పోటుకూ ఉన్న దారి గురించి ఆ రెండు రోజుల్లోనూ మాట్లాడేవారు తక్కువ.

ఆ దారి ఎలా ఉంటుందో చూద్దాం.

పొగాకులో సున్నం ఎందుకు కలుపుతారు? "ఘాటు కోసం" అంటారు నమిలేవాళ్లు. వాళ్ల అనుభవం నిజమే. ఆకులో నికోటిన్ ఆమ్లాలతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి ఉన్నంతసేపూ అది బుగ్గలోంచి తొందరగా లోపలికి పోలేదు. సున్నం తగలగానే ఆ ముడి విడిపోతుంది. విడిపోయిన నికోటిన్ బుగ్గ లోపలి పలుచని పొరను దాటి నేరుగా రక్తంలో కలుస్తుంది. అదే నికోటిన్‌ను మింగితే కడుపులోంచి ముందు కాలేయానికి వెళ్లాలి. కాలేయం దాన్ని చాలావరకు విరిచేస్తుంది. బుగ్గ దారిలో ఆ కాపలా లేదు. చిటికెడు సున్నం తాళం చెవిలాంటిది, తలుపు బార్లా తెరుస్తుంది.

ఈ మాట నమ్మబుద్ధి కాకపోతే పొగాకు చేలల్లో పనిచేసిన వారిని అడగండి. ఒంగోలు, కందుకూరు ప్రాంతాలు పొగాకు పంటకు పేరుపడ్డవి. గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది. పొగాకు పండే చోటల్లా ఒక జబ్బు కనిపిస్తుంది. మంచుకు తడిసిన పచ్చి ఆకును చేతులతో కోసే కూలీలకు కొన్నిసార్లు తల తిరుగుతుంది, వాంతులవుతాయి, గుండె దడ వస్తుంది. వాళ్లు ఆకును నోట్లో పెట్టుకోలేదు, కాల్చలేదు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా లోపలికి వెళ్లింది, అంతే. కాయలు కాసిన అరచేతిని దాటి వెళ్లగలిగిన పదార్థానికి మెత్తని బుగ్గ పొర ఒక అడ్డా?

రక్తంలోకి వెళ్లిన నికోటిన్ ఏం చేస్తుంది? మన ఒంట్లో ఒక ఏర్పాటు ఉంది. పాము కనిపించినప్పుడు, కుక్క వెంటబడినప్పుడు ఒళ్లు ఒక్కసారిగా సిద్ధమవుతుంది. అడ్రినలిన్, దాని తోబుట్టువు లాంటి నోరడ్రినలిన్ విడుదలవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. పొలంలో నీళ్లు పడుతూ పైపు మొనను వేలితో నొక్కితే నీళ్లు ఎలా ఎగజిమ్ముతాయో చూశారుగా? మోటారు వేగం పెంచి, పైపునూ నొక్కితే లోపల ఒత్తిడి ఎంతవుతుంది? నికోటిన్ ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. పాము లేదు, కుక్క లేదు. అరుగు మీద తీరిగ్గా కూర్చున్న మనిషి గుండె మాత్రం పరుగెత్తుతూ ఉంటుంది.

ఇప్పటికే అలవాటు ఉన్నవారికి మాత్రమే ఒక మాట చెబుతున్నాను. రేపు ఉదయం మొదటి చిటికెడు తీసే ముందు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. పెట్టుకున్న పది నిమిషాలకు మళ్లీ లెక్కపెట్టండి. నేను చెప్పేదానికంటే మీ నాడి చెప్పేదే మీకు బాగా అర్థమవుతుంది. అలవాటు లేనివారు దీని జోలికి పోవద్దు.

"సిగరెట్ తాగినా ఇదే కదా జరిగేది" అని ఒకరు అడగవచ్చు. అవును, అదే జరుగుతుంది. కానీ సిగరెట్ కొద్ది నిమిషాల్లో కాలిపోతుంది. బుగ్గన పెట్టిన ఆకు అరగంట, గంట ఊరుతూనే ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ బెనోవిట్జ్ అనే వైద్యుడు 1988లో ఈ రెండింటినీ పోల్చి చూశారు. రక్తంలో నికోటిన్ చేరే గరిష్ఠ స్థాయి రెండింటిలోనూ దగ్గర దగ్గరగానే ఉంది. కానీ నోటి పొగాకు వాడినప్పుడు అది చాలాసేపు దిగకుండా నిలిచింది. ఒక్కసారి వాడితే ఒంటికి చేరిన మొత్తం నికోటిన్ ఒక సిగరెట్‌తో చేరినదానికి దాదాపు రెట్టింపు ఉంది.

మన పెద్దలు దీనికి రక్తపోటు అని ఎంత సరైన మాట వాడారో చూడండి. సముద్రానికి ఆటు ఉంటుంది, పోటు ఉంటుంది. నీళ్లు ఎంత పైకొచ్చినా మళ్లీ వెనక్కి వెళతాయి. అందుకే ఒడ్డు నిలుస్తుంది. రక్తానికీ అంతే. పని చేసినప్పుడు, కోపం వచ్చినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. కూర్చుంటే తగ్గుతుంది. రాత్రి నిద్రలో బాగా తగ్గుతుంది. ఆ రాత్రి తగ్గుదలే గుండెకూ నాళాలకూ విశ్రాంతి.

నికోటిన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. గంటకొకసారి, రెండు గంటలకొకసారి కొత్త ఆకు పెట్టుకునేవారిలో పాతది దిగకముందే కొత్తది ఎక్కుతుంది. కొందరు బుగ్గన పెట్టుకునే నిద్రపోతారు. పొద్దున లేవగానే మళ్లీ అదే. ఇక వాళ్ల రక్తానికి ఆటు ఎప్పుడు? రోజంతా పోటే. రోజంతా అలలు కొట్టే ఒడ్డు ఎంత గట్టిదైనా కోసుకుపోతుంది. ఆ ఒడ్డు మెదడులోని సన్నని నాళం కావచ్చు, కిడ్నీలోని జల్లెడ కావచ్చు, గుండె గోడ కావచ్చు.

దీనికి తోడు మరికొన్ని ఉన్నాయి. ఘాటు పెంచడానికి కొన్ని రకాల్లో సోడియం లవణాలు కలుపుతారు. ఉప్పులో ఉండేదీ ఆ సోడియమే. కూరలో ఉప్పు తగ్గించి, బుగ్గలో పెట్టుకోవడం ఎక్కడి న్యాయం? కొన్ని దేశాల్లో నమిలే పొగాకుకు తీపి కోసం అతిమధురం కలుపుతారు. దాన్ని అతిగా మింగితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోయి, పొటాషియం పడిపోయి, బీపీ పెరుగుతుంది. అలాంటి రోగుల గురించి అమెరికా వైద్యులు 1980లోనే రాశారు.

ఇక్కడ మీకు ఒక విషయం దాచకుండా చెప్పాలి. పొగాకు బుగ్గన ఉన్నంతసేపూ, ఆ తర్వాత కొంతసేపూ గుండె వేగం, బీపీ పెరుగుతాయన్నది ఎన్నో పరీక్షల్లో తేలిన సంగతి, అందులో అనుమానం లేదు. ఏళ్ల తరబడి వాడితే శాశ్వతంగా రక్తపోటు జబ్బు వస్తుందా అన్నదానిపై అధ్యయనాలన్నీ ఒకే స్థాయిలో చెప్పలేదు. కొన్నింటిలో సంబంధం బలంగా కనిపించింది, కొన్నింటిలో అంత కనిపించలేదు. స్వీడన్‌లో పెదవి కింద పెట్టుకునే స్నూస్ అనే పొగాకు బాగా వాడుకలో ఉంది. అక్కడ భవన నిర్మాణ కార్మికుల ఆరోగ్య వివరాలను ఏళ్ల తరబడి గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, స్నూస్ వాడేవారికి రక్తపోటు వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. వైద్యుడిగా నేను చూసే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఇప్పటికే బీపీ ఉన్న మనిషికి రోజుకు పది పదిహేనుసార్లు దాన్ని ఇంకా పైకి నెట్టే వస్తువు మంచి చేస్తుందా? అది మాత్ర పనికి అడ్డుపడకుండా ఎలా ఉంటుంది?

చివరికి దెబ్బ ఎక్కడ పడుతుందో చూడండి. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవారినీ రానివారినీ పోల్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో పొగాకుకు సంబంధించిన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. పొగాకు నమిలేవారికి గుండెపోటు ముప్పు, ఏ పొగాకూ వాడనివారికంటే రెట్టింపుకు పైగా ఉంది. నమలడమూ తాగడమూ రెండూ ఉన్నవారికి సుమారు నాలుగు రెట్లు.

ఇంకో లెక్క. పొగ లేని పొగాకు వల్ల 2017లో ప్రపంచమంతటా ఎంతమంది చనిపోయారో పరిశోధకులు అంచనా వేసి 2020లో ప్రచురించారు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల వల్ల 90 వేల మందికి పైగా. గుండె రక్తనాళాల జబ్బు వల్ల 2 లక్షల 58 వేల మంది. ఈ భారంలో దాదాపు 70 శాతం ఒక్క భారతదేశానిదే.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించండి. పొట్లం మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ ఉంటుంది. పుండు పడిన నోటి బొమ్మ. అది నిజం, ఉండాల్సిందే. నోటి క్యాన్సర్ మాటలతో చెప్పలేని యాతన. కానీ ఆ బొమ్మ చూసి అద్దంలో నోరు తెరిచి చూసుకున్నవాడు, పుండు లేదని నిశ్చింతగా మళ్లీ పొట్లం విప్పుతాడు. అతని గుండె అద్దంలో కనిపించదు. నాళం గోడ మీద పడే దెబ్బకు పుండు బయటికి రాదు, నొప్పి ఉండదు. ఒకనాడు చెయ్యి పడిపోతేనో, గుండె పట్టేస్తేనో తప్ప తెలియదు. అప్పుడు కూడా ఇంట్లోవాళ్లు "పాపం, ఏ అలవాటూ లేని మనిషి" అనే అంటారు.

తల్లి కాబోయేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. ముంబైలో గర్భిణులపై చేసిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. అక్కడి ఆడవాళ్లు కాల్చిన పొగాకు పొడితో పళ్లు తోముకుంటారు, దాన్ని మిశ్రీ అంటారు. ఇలా పొగ లేని పొగాకు వాడిన తల్లుల బిడ్డలు మిగతా బిడ్డల కంటే సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. నెలలు నిండకుండా పుట్టే ప్రమాదమూ పెరిగింది. కడుపులోని బిడ్డకు తిండి, ఊపిరి అన్నీ మాయ ద్వారా, తల్లి రక్తం ద్వారా వెళ్లాల్సిందే. తల్లి రక్తనాళం బిగుసుకుంటే బిడ్డ నోటికి చేరే ముద్ద చిన్నదవుతుంది. పంటి నొప్పికని చిగుళ్లకు రుద్దుకునే చిటికెడు పొడి పొట్టలోని బిడ్డ దాకా వెళుతుందని మన ఆడపడుచులకు ఎవరు చెప్పారు?

అలవాటు ఉన్నవారిని తిట్టడానికి ఈ ప్రసంగం కాదు. వాళ్లలో ఎక్కువమందికి దీన్ని నేర్పింది సరదా కాదు, కష్టం. పొద్దున నాలుగు మెతుకులు తిని నాటుకు దిగితే మధ్యాహ్నం దాకా ఆకలి తెలియకూడదు. బుగ్గన పొగాకు ఉంటే ఆకలి మందగిస్తుంది. రాత్రంతా లారీ నడిపే డ్రైవరుకు నిద్ర రాకూడదు. యార్డులో బస్తాలు మోసే హమాలీకి ఒళ్లునొప్పి తెలియకూడదు. పన్ను పుచ్చిన ముసలమ్మకు ఆస్పత్రి దూరం, పక్కింటి పొగాకు దగ్గర. ఇవన్నీ నిజమైన బాధలే. కానీ పొగాకు ఆకలికి అన్నం పెట్టదు, ఆకలిని దాస్తుంది. పన్ను బాగుచేయదు, నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. ఆ దాచిన బాకీని వడ్డీతో సహా గుండె కడుతుంది.

"ఇది మన తాతల నాటి ఆచారం" అనేవారు ఉన్నారు. తాంబూలం మన ఆచారమే. మరి పేరంటంలో ఇచ్చే తాంబూలంలో పొగాకు పెడతామా? పెళ్లి కుదిరి తాంబూలాలు పుచ్చుకునేటప్పుడు పళ్లెంలో పొగాకు ఉంటుందా? దేవుడి ముందు పెట్టే ఆకువక్కలో ఉంటుందా? ఉండదు. ఎందుకంటే తాంబూలం ఉన్న రోజుల్లో ఈ దేశంలో పొగాకే లేదు. అది అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన రేవులకు వచ్చి సుమారు 400 ఏళ్లయింది. మన ఆచారంలోకి పిలవకుండా వచ్చి కూర్చున్న చుట్టం ఇది. పంపించేస్తే ఆచారానికి ఏ లోటూ రాదు. వక్క కూడా క్యాన్సర్ కారకమేనని వైద్యశాస్త్రం తేల్చింది కాబట్టి, పొగాకు మాని వక్కపొడి పట్టుకోవడం మాత్రం పరిష్కారం కాదు.

చట్టం ఏం చేస్తోందంటారా? ఆహార పదార్థాల్లో పొగాకు గానీ నికోటిన్ గానీ కలపకూడదని 2011లో దేశమంతటికీ నిబంధన వచ్చింది. దాని ఆధారంగానే రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. అమ్మేవాళ్లు దానికొక దారి వెతుక్కున్నారు. పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో పెట్టి, పక్కపక్కన దండల్లా వేలాడదీసి అమ్ముతున్నారు. కొన్నవాడు రెండూ కలిపి నోట్లో పోసుకుంటాడు. చట్టం దుకాణం దాకా రాగలదు. బుగ్గ దాకా రావాల్సింది మన తెలివే.

మరి మానడం ఎలా? ముందు ఒకటి అర్థం చేసుకుందాం. "అది పెట్టుకుంటేనే నాకు తల తేలికవుతుంది" అంటారు. ఆ తల బరువు తెచ్చింది కూడా అదే. రక్తంలో నికోటిన్ తగ్గేసరికి చిరాకు, తలనొప్పి, నిలకడలేనితనం మొదలవుతాయి. మళ్లీ పెట్టుకోగానే తగ్గుతాయి. ముల్లు గుచ్చి, తీసి, హాయిగా ఉందా అని అడిగినట్టు ఉంటుంది దాని పని. మానిన మొదటి రెండు మూడు రోజులు కష్టం. రెండు నుంచి నాలుగు వారాల్లో ఆ బాధ చాలావరకు సద్దుమణుగుతుంది. ఈ గడువు ముందే తెలిస్తే తట్టుకోవడం తేలిక.

ఒక రోజు నిర్ణయించుకోండి. ముందురోజు రాత్రే పొట్లం, సున్నపు డబ్బా ఇంట్లోంచి తీసేయండి. బుగ్గకు ఏదో ఒకటి ఉండాలనిపిస్తే లవంగం, యాలక్కాయ, సోంపు పెట్టుకోండి. ఉప్పు వేయని ఉసిరి వరుగు ఒక ముక్క వేసుకోండి. నోరు గట్టిగా లాగినప్పుడు ఆ కోరిక కొన్ని నిమిషాలే ఉంటుందని గుర్తుపెట్టుకోండి. నిదానంగా ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి, లేచి నాలుగడుగులు వేయండి, ఎవరితోనైనా మాట కలపండి. అన్నం తిన్నాక, టీ తాగాక, పనికి కూర్చునే ముందు, ఇలా ఏ వేళకు చేయి పొట్లం వైపు పోతుందో ఆ వేళకు మరో పని పెట్టుకోండి. ఒకసారి జారితే ఓడిపోయామనుకోకండి. చాలామంది ఒకటికంటే ఎక్కువ ప్రయత్నాల తర్వాతే గెలిచారు.

ఒంటరిగా చేయలేకపోతే సాయం ఉంది. ఉచిత ఫోన్ నంబరు 1800 11 2356. రాసుకోండి, మళ్లీ చెబుతున్నాను: 1800 11 2356. ఇది ప్రభుత్వం నడిపే సలహా కేంద్రం. విచిత్రమేమిటంటే ఈ నంబరు పొగాకు పొట్లం మీదే అచ్చువేసి ఉంటుంది. విప్పే తొందరలో ఎవరూ చదవరు. నికోటిన్ గమ్ లాంటి మందులూ ఉన్నాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం వాటిని సొంతంగా కొనుక్కోకుండా డాక్టరును అడిగి వాడాలి. మరో హెచ్చరిక. పొగాకు మానేశాం కదా అని బీపీ మాత్రలు మానకండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయించాలి.

బీపీ చూపించుకునేటప్పుడు కూడా ఒక నియమం ఉంది. చూపించుకోవడానికి కనీసం అరగంట ముందు నుంచి నోట్లో పొగాకు ఉండకూడదు, టీ కాఫీలు తాగకూడదు. వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. బుగ్గన ఆకుతోనే చేయి చాపితే వచ్చే అంకె మీ అసలు అంకె కాదు. 140కి 90 దాటితే ఒక్కసారితో తేల్చేయకుండా మరో రోజు మళ్లీ చూపించుకోవాలి.

ఆశ కార్యకర్తలకు, నర్సమ్మలకు, నా తోటి వైద్యులకు ఒక విన్నపం. 30 ఏళ్లు దాటినవారి కోసం ఆశ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే ఫారంలో పొగ తాగడంతో పాటు గుట్కా, ఖైనీ గురించిన ప్రశ్న కూడా ఉంది. దాన్ని గబగబా టిక్కు పెట్టి దాటేయకండి. "పొగాకు వాడతావా?" అంటే చాలామంది లేదనే అంటారు. "అమ్మా, బుగ్గన ఏమన్నా పెట్టుకుంటావా? పళ్లకు ఏం రుద్దుకుంటావు? అన్నా, పెదవి కింద ఏముంది?" అని వాళ్ల మాటల్లో అడగండి. అడిగే గొంతులో వెటకారం ఉండకూడదు. తప్పు పట్టేవాడికి ఎవరూ నిజం చెప్పరు.

మొదట చెప్పిన పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె ఒక్క రోజులో మానలేదు. రెండుసార్లు మాని మళ్లీ మొదలుపెట్టింది. మూడోసారి కోడలు ఒక పని చేసింది. పొగాకు ఉండే చిన్న సంచిలో లవంగాలు, సోంపు పోసి అత్తగారి బొడ్డున దోపింది. చేయి అలవాటుగా సంచిలోకి వెళితే సోంపే తగిలేది. రెండు నెలలకు ఆస్పత్రికి వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడింది. అవే మాత్రలు, అదే మోతాదు. బీపీ మాత్రం 140 కిందికి వచ్చింది. మాత్ర మానలేదు, పెంచాల్సిన అవసరమూ రాలేదు.

శ్రోతలారా, మీ ఇంట్లో బీపీ మాత్ర వేసుకునే మనిషి ఉన్నారా? అమ్మ కావచ్చు, నాన్న కావచ్చు, మామగారు కావచ్చు, పొలంలో మీతో పనిచేసే పెద్దాయన కావచ్చు. ఈ రాత్రి వాళ్లకు మాత్ర ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుని, ప్రేమగా, నెమ్మదిగా ఒక్క ప్రశ్న అడగండి: "బుగ్గన ఏమన్నా పెట్టుకుంటున్నారా?" ఉంది అంటే కోప్పడకండి. ఆ నంబరు చెప్పండి. సోంపు డబ్బా చేతిలో పెట్టండి. మరునాడు మళ్లీ అడగండి. ఆ మనిషి రక్తానికి పోటు పోయి, ఆటు రావాలి. అది మీ ప్రశ్నతోనే మొదలవుతుంది.